స్లిక్స్ వేస్తే పికప్ దూకుతుంది, సరే... ఏదైనా విరిగితే ఇంటికెలా తెస్తారు?

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకుడు వనస్థలిపురం నుంచి పెద్ద ఉత్తరమే పంపారు. వయసు 31. ఎల్బీ నగర్ వైపు టైల్స్, శానిటరీ సామాన్ల షాపు నడుపుతున్నారు. నాన్నగారు చాలా ఏళ్లు సొంత లారీలు తిప్పి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. షాపు పనికీ ఇంటికీ పనికొస్తుందని కొన్న బండి టయోటా హైలక్స్ ఆటోమేటిక్ పికప్. ఆర్సీ, లోను, ఇన్సూరెన్స్ అన్నీ నాన్నగారి పేరు మీదే ఉన్నాయి.

ఆ బండికి ఈయన ఇంజిను మ్యాప్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ సెట్టింగు) మార్పించారు, పెద్ద ఇంటర్‌కూలర్ వేయించారు. కంపెనీ ఇచ్చిన ఇంజిను బలం 204 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత). ఇప్పుడు 270 దాకా ఉంటుందని ఆ పని చేసినతను చెప్పాడట. కిందటేడు లోనావాలా దగ్గర ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగిన డ్రాగ్ (నిటారు దారిలో ఎవరు ముందు చేరతారో చూసే పోటీ) ఈవెంట్‌కి వెళ్లారు. "పచ్చ లైటు పడగానే ఫుల్లుగా తొక్కాను. వెనక టైర్లు ఉన్నచోటే తిరుగుతున్నాయి, బండి వెనక భాగం పక్కకి జరుగుతోంది. పక్క లేన్‌లో ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ నన్ను దాటి వెళ్లిపోయింది. ఆ వీడియో మా ఫ్రెండ్స్ గ్రూపులో ఇప్పటికీ తిరుగుతోంది" అని రాశారు.

ఈసారి అలా కాకూడదని బెంగళూరులో ఒకరి దగ్గర రెండు సెకండ్ హ్యాండ్ డ్రాగ్ స్లిక్స్ (గీతలు లేని మెత్తటి రేసు టైర్లు) రిమ్ములతో సహా 1.35 లక్షలకు కొన్నారు. ఆ డబ్బు భార్య పేరు మీద ఉన్న చీటీ పాడి తెచ్చింది. షాపులోకి స్టాకు కోసమని ఆవిడకి చెప్పారు. టైర్లు గోడౌన్‌లో టైల్స్ పెట్టెల వెనక టార్పాలిన్ కింద ఉన్నాయి. సంగతి తెలిసింది బావమరిదికి ఒక్కడికే. అతను పక్క సీట్లో కూర్చుని వీడియో తీస్తానంటున్నాడు.

ఇక సలహాలు. ఆటోనగర్ మెకానిక్ "స్లిక్స్ వెనక వేసి, 4హెచ్‌లో పెట్టి తొక్కేయ్" అన్నాడు. (4హెచ్ అంటే నాలుగు చక్రాలకీ బలం వెళ్లే సెట్టింగు, 2హెచ్ అంటే వెనక రెండింటికే.) మ్యాప్ మార్చినతను 4హెచ్ వద్దు, వెనక 200 కిలోల ఇసుక బస్తాలు వేయమన్నాడు. ఈవెంట్‌కి ముందే ఒకసారి రాత్రి రెండింటికి పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీస్ రోడ్డు మీద ట్రయల్ వేద్దామని స్నేహితులు అంటున్నారు. ఈవెంట్ ఫారంలో, బండి మీ పేరు మీద లేకపోతే ఓనర్ సంతకం కావాలని ఉంది. "నాన్న చచ్చినా ఒప్పుకోడు. ఆ సంతకం నేనే పెట్టేద్దామా అనిపిస్తోంది. అసలు టైరు జారకుండా లాంచ్ ఎలా చేయాలి? 2హెచ్ మంచిదా, 4హెచ్ మంచిదా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని ఉత్తరం ముగించారు.

ముందు ఆ వీడియో సంగతి మాట్లాడుకుందాం, మీ మనసులో ముల్లు అక్కడే ఉంది కాబట్టి.

ఆ రోజు టైరు తిరిగింది మీకు నడపడం రాక కాదు. ఖాళీ పికప్‌లో ఇంజిను, గేర్‌బాక్స్, క్యాబిన్ బరువు ఎక్కువగా ముందు వైపే ఉంటుంది. వెనక బెడ్‌లో ఉన్నది రేకు, గాలి. బండిని తోయాల్సినవేమో వెనక చక్రాలు. పైగా మీది డీజిల్. కంపెనీ లెక్కలోనే 500 ఎన్ఎం టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 1,600 ఆర్పీఎం దగ్గర్నుంచే వచ్చేస్తుంది, మ్యాప్ మార్చాక ఇంకా పెరిగి ఉంటుంది. మొదటి గేరూ వెనక హౌసింగూ (వెనక చక్రాల మధ్యనుండే గేర్ల పెట్టె) కలిసి ఆ టార్క్‌ని పది రెట్లకు పైగా పెంచి చక్రాలకి ఇస్తాయి. అంత బలం ఒక్కసారిగా తేలికైన వెనక చక్రాల మీద పడితే రోడ్డు టైరు జారక ఏం చేస్తుంది? ఆ హ్యాచ్‌బ్యాక్‌కి మీకున్నంత బలం లేదు, ఉన్నదాన్ని నేల మీద పెట్టగలిగింది.

ఇప్పుడు మీకు చాలామంది చెప్పని విషయం. టైరు అలా జారడమే ఇన్నాళ్లూ మీ బండిని కాపాడింది. ఇంట్లో ఫ్యూజు చేసే పనే అది చేసింది. లోడు మించగానే ముందు అదే వదిలేసింది, వెనకున్న ఖరీదైన సామాను మిగిలింది. స్లిక్స్ వేస్తే ఆ ఫ్యూజుని మీ చేత్తో మీరే తీసేసినట్టు. గీతలు లేని ఆ మెత్తటి రబ్బరు వేడెక్కితే నేలకి అంటుకుపోతుంది. పక్కగోడలు పల్చగా ఉండి లాంచ్‌లో ముడతలు పడతాయి, ఆ ముడతలే మొదటి దెబ్బని కొంత మింగుతాయి. మిగతా దెబ్బంతా ఎటు పోవాలి? ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి బలం తెచ్చే పొడుగాటి కడ్డీ) క్రాసులు అనే జాయింట్లకి, హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ అనే గేర్ల జతకి, యాక్సిళ్లకి, గేర్‌బాక్స్‌కి. అవి కంపెనీ నుంచి వచ్చినవే ఉన్నాయి. మీరు పెంచింది ఇంజిను ఒక్కటే.

కాబట్టి "జారకుండా ఎలా తొక్కాలి" అనే ప్రశ్న కన్నా ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. జారకపోతే తర్వాత విరిగేది ఏది, అది విరిగినా మీకు ఫర్వాలేదా? హైదరాబాద్ నుంచి లోనావాలా ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. మీరు వెళ్లేది ఆ బండి మీదే. శనివారం మధ్యాహ్నం క్రౌన్ పినియన్ పోతే ఆదివారం టోయింగ్ బండి మీద షోలాపూర్, జహీరాబాద్ మీదుగా ఇంటికి రావాలి. సోమవారం షాపు డెలివరీలకి బండి ఉండదు. ఆ రోజు నాన్నగారికి చెప్పక తప్పదు. మీ లాంచ్ ప్రశ్న, ఇంటి ప్రశ్న వేర్వేరని మీరనుకుంటున్నారు. నాకైతే అలా కనిపించడం లేదు.

సంతకం విషయంలో నేను మెత్తగా మాట్లాడను. నాన్న సంతకం మీరు పెట్టడం ఫోర్జరీ. అదేదో కోర్టుల దాకా పోతుందని భయపెట్టడానికి చెప్పడం లేదు, ఇంట్లో తెలిసిన రోజున బండి విరగడం కన్నా ఆ సంతకమే పెద్ద గొడవ అవుతుంది. పైగా ఇన్సూరెన్స్ పాలసీ ఆయన పేరు మీద ఉంది. పాలసీ కాగితాలు తీసి, బండి దేనికి వాడొచ్చో దేనికి వాడకూడదో చెప్పే పేరా చదవండి. రేసింగ్‌కి, స్పీడ్ టెస్టింగ్‌కి వాడితే వర్తించదని మన మోటార్ పాలసీల్లో మామూలుగా ఉండే మాటే. అనుమతులన్నీ ఉన్న ఈవెంట్‌లో అయినా అంతే. అంటే అక్కడ బండికి ఏం జరిగినా ఆ ఖర్చు మీ జేబులోంచే, నష్టం మాత్రం నాన్న ఆస్తికి. ఇంజిను మ్యాప్ మార్చిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పి ఉండరని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. అది ఈవెంట్‌తో సంబంధం లేని, రోజువారీ తలనొప్పి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఆర్సీలోని వివరాలు, తయారీదారు ఇచ్చిన వివరాలు తేడా పడేలా బండిని మార్చొద్దనే అంటుంది. రేపు సాగర్ రింగ్ రోడ్డు దగ్గర చిన్న యాక్సిడెంట్ అయినా ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగొచ్చు.

ఓఆర్ఆర్ ట్రయల్ గురించి నా దగ్గర ఆప్షన్లు లేవు, వద్దు అంతే. రోడ్డు మీద రేసులు, స్పీడ్ ట్రయల్స్ 189వ సెక్షన్ కింద నేరం. జరిమానాతో పోదు, జైలు కూడా ఉంది. 2019 సవరణతో రెండూ పెంచారు. చట్టం పక్కన పెట్టినా, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగినప్పుడు ఎన్ని రోజులు రోడ్లు మూశారో, ఎంత పొడవున బారికేడ్లు కట్టారో నగరంలో ఉన్నవాళ్లందరం చూశాం, ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకున్నాం కూడా. ఆ గోడలు ఎందుకో ఒక్కసారి ఆలోచించండి. రాత్రి రెండింటికి పెద్ద అంబర్‌పేట సర్వీస్ రోడ్డు మీద ఇటుకల ట్రాక్టర్ లైట్లు లేకుండా వస్తుంది, పాల ఆటో వస్తుంది, టీకి ఆగిన లారీ క్లీనర్ రోడ్డు దాటుతాడు. పైగా దుమ్ము, ఇసుక ఉన్న ఆ రోడ్డు మీద స్లిక్స్ వేసి నేర్చుకునేది కూడా ఏమీ ఉండదు. అక్కడ పట్టు వేరు, ఎయిర్‌స్ట్రిప్ మీద పట్టు వేరు.

ఇప్పుడు 2హెచ్, 4హెచ్ గొడవ. ఇద్దరు నిపుణులూ మీకు సగం సగం చెప్పారు.

మీ బండి ఫోర్ వీల్ డ్రైవ్ పార్ట్ టైమ్ రకం. 4హెచ్‌లో పెట్టగానే ముందు, వెనక షాఫ్టులు ఒకదానికొకటి బిగిసిపోతాయి, మధ్యలో తేడాని సర్దే డిఫరెన్షియల్ ఉండదు. అందుకే పొడి తారు రోడ్డు మీద 4హెచ్ వాడొద్దని కంపెనీ వాళ్లు చెబుతారు. మట్టిలో అయితే టైరు కొంచెం జారి ఆ బిగుతు వదులుతుంది. ఇప్పుడు వెనక రెండు స్లిక్స్, ముందు మామూలు ఆల్ టెరైన్ టైర్లు ఉన్నాయనుకోండి. రెండింటి చుట్టుకొలత ఒకటి కాదు, వెనక గాలి తగ్గిస్తే తేడా ఇంకా పెరుగుతుంది. ఒకే వేగంతో వెళ్లాలంటే ముందు చక్రాలు ఒకన్ని చుట్లు, వెనకవి ఇంకొకన్ని చుట్లు తిరగాలి. బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ అందుకు ఒప్పుకోదు. జారి తప్పించుకుందామంటే వెనక ఉన్నవి జారని టైర్లు. మెకానిక్ చెప్పిన ఈ పద్ధతి మీ ముందున్న దారులన్నిటిలోకీ చెడ్డది. స్లిక్స్ వేస్తే 2హెచ్ ఒక్కటే. 4హెచ్ కావాలంటే నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకేలా అరిగినవి, ఒకే గాలితో ఉండాలి.

ఇసుక బస్తాల ఆలోచనలో లెక్క ఉంది, బుర్ర లేదు. వెనక బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ రెండు టన్నులు దాటిన బండికి ఇంకో 200 కిలోలు కలిపి తొయ్యాలి. కట్టని బస్తా లాంచ్‌లో టెయిల్‌గేట్ మీదకి, చివర బ్రేకు కొట్టినప్పుడు క్యాబిన్ వెనక అద్దం మీదకి వస్తుంది. స్క్రూటినీ చేసేవాళ్లు సరిగ్గా ఉంటే విడి బరువు చూసి లైన్లోకే రానివ్వరు. బోల్టులతో బిగించిన బరువు వేరే సంగతి, అది ఈ నెలలో అయ్యే పని కాదు.

బావమరిదిని పక్కన కూర్చోబెట్టొద్దు. చాలా చోట్ల ఒప్పుకోరు, ఒప్పుకున్నా వద్దు. వీడియో గట్టు మీద నుంచి తీస్తే ఇంకా బాగా వస్తుంది. అతని విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది, మీరు గమనించినట్టు లేరు. అతను మీ ఆవిడకి తోడబుట్టినవాడు. అక్క పేరు మీదున్న చీటీ డబ్బు ఎటు పోయిందో తెలిసీ అక్కకి చెప్పకుండా మీ కోసం నోరు మూసుకుని ఉన్నాడు. రేపు బయటపడితే ఆవిడ కోపం మీ మీద నాలుగు రోజులుంటుంది, తమ్ముడి మీద నాలుగేళ్లుంటుంది. ఈ ఇరకాటంలోంచి ముందు అతన్ని బయటికి తీయండి.

అలాగని మీ ఆవిడనీ నాన్నగారినీ ఒకేసారి హాల్లో కూర్చోబెట్టి చెప్పేయకండి. నాన్నగారి అరుపుల్లో మీ ఆవిడకి జరిగిన అన్యాయం కొట్టుకుపోతుంది. ఆవిడ ఊరికే వంటింట్లోకి వెళ్లిపోతుంది, మీరేమో గండం గడిచిందనుకుంటారు. ఆవిడకి ముందు, విడిగా, లెక్కతో చెప్పండి. చీటీ పాడింది ఎంతకి, టైర్లకి పోయింది ఎంత, ఇంకా కట్టాల్సిన నెలలు ఎన్ని, ఆ కిస్తీలు ఏ డబ్బులోంచి కడతారు, అన్నీ. పాడిన చీటీ అంటే చేతికొచ్చేది ఇక ఏమీ ఉండదు, కట్టడం మాత్రం మిగులుతుంది. టైర్లు అమ్మేయమని ఆవిడ అంటే అది న్యాయమైన మాటే. అమ్మితే పూర్తి డబ్బు రాదు, అలాంటి సామాను కొనేవాళ్లు మన దగ్గర తక్కువ. ఆ తేడా మీరు ఎలా పూడుస్తారో కూడా అప్పుడే చెప్పాలి.

నాన్నగారి విషయంలో మీ అంచనా తప్పని నాకు గట్టిగా అనిపిస్తోంది. లారీలు తిప్పిన మనిషి. లోడు బండి ఘాటెక్కుతుంటే హౌసింగ్‌లోంచి వచ్చే మోత విని క్రౌన్ పినియన్ ఇంకెన్నాళ్లో చెప్పగలిగిన తరం అది. కమాన్ కట్టలు (వెనక స్ప్రింగు పట్టీలు) మెలిక పడటం ఎలా ఉంటుందో, క్రాస్ వదులైతే షాఫ్ట్ ఎక్కడ టకటకమంటుందో మీ ఫ్రెండ్స్ గ్రూపులో ఉన్న అందరికన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. "నాన్నా, రేసుకి వెళ్తా" అని మొదలుపెడితే తిడతారు. "నాన్నా, మ్యాప్ మార్పించాను, ఈ హౌసింగ్ ఎంతవరకు ఆగుతుంది, ఒకసారి కిందకి దూరి చూస్తారా" అంటే మొదట తిట్టి, తర్వాత టార్చిలైట్ అడుగుతారని నా నమ్మకం. ఒప్పుకోకపోవచ్చు కూడా. బండి ఆయనది, కాదనే హక్కు ఆయనకుంది. అప్పుడు ఈ బండితో వెళ్లడం అనేది ముగిసిన మాట. మీ పేరు మీద ఒక పాత కారు కొనుక్కుని ఆడుకునే రోజు దాకా ఆగాలి.

ఒప్పుకున్నారనుకుందాం. అప్పుడు మీ ముందు నిజంగా ఉన్న దారులు మూడు.

ఖర్చు తక్కువ దారి, మామూలు టైర్లతోనే వెళ్లడం. కిందటేడు మీరు చేసిన పొరపాటల్లా పచ్చ లైటుకి పెడల్‌ని నేలకి అదిమేయడం. ఈసారి పావు వంతుతో కదిలించి, బండి కదిలాక పెంచుకుంటూ పోండి. 2హెచ్‌లోనే చాలా తేడా వస్తుంది. ఏదీ విరిగే అవకాశం తక్కువ, బండి మీద వెళ్లి బండి మీదే తిరిగొస్తారు. గ్రూపులో గొప్పగా పెట్టుకునేంత టైమింగ్ రాకపోవచ్చు.

రెండోది, ఒకేలాంటి నాలుగు రోడ్డు టైర్లు, 4హెచ్. లోడు నాలుగు చక్రాలకి పంచుకుంటుంది కాబట్టి బండి బాగా కదులుతుంది. కానీ ముందు యాక్సిల్ షాఫ్టులు, వాటి జాయింట్లు ఇలాంటి దెబ్బ కోసం చేసినవి కావు. స్టీరింగ్ నిటారుగా ఉండగానే లాంచ్ చేయాలి, రన్ అయ్యాక పక్కకి తిప్పకముందే 2హెచ్‌కి మార్చేయాలి. 4హెచ్‌లో ఉంచి తారు మీద మలుపు తిప్పితే బండి గింజుకుంటుంది, ఆ శబ్దం మీకు వినిపిస్తుంది.

మూడోది మీరు కోరుకునే దారి. వెనక స్లిక్స్, 2హెచ్. దీనికి వెళ్లేట్టయితే కొంచెం వివరంగా వినండి.

ముందు ఆ టైర్లు నిజంగా మీ బండివేనా చూడండి. డ్రాగ్ స్లిక్స్ ఎక్కువగా కార్ల బరువు లెక్కలో చేస్తారు. పక్కగోడ మీద ఉన్నదంతా చదివి, తయారీదారు రెండు టన్నుల పికప్‌కి ఒప్పుకుంటాడో లేదో కనుక్కోండి. ఎప్పుడు తయారైందో చూడండి. గోళ్లతో నొక్కితే రబ్బరు దిగాలి. గట్టిపడిపోయిన పాత స్లిక్ మామూలు టైరు కన్నా ఏమంత గొప్పది కాదు. ఇక్కడే తేడా కొడితే మిగతాదంతా మర్చిపోయి మొదటి దారి పట్టండి.

లోనావాలాకి రోడ్డు టైర్ల మీద వెళ్లాలి, స్లిక్స్ బెడ్‌లో కట్టుకుని. స్లిక్‌కి గీతలు ఉండవు కాబట్టి తడి రోడ్డు మీద నీళ్లు పోయే దారి ఉండదు. అక్కడ చినుకు పడితే ఆ రోజుకి స్లిక్స్ సంగతి అయిపోయినట్టే.

గాలి విషయంలో తేలిక కార్ల వాళ్లు 10, 12 పీఎస్ఐ దాకా దింపుతారు. మీరు అంత దింపొద్దు. తయారీదారు చెప్పిన హద్దులోనే, 20 దగ్గర మొదలుపెట్టి, ఒక్కో రన్‌కి ఒక్కో పాయింట్ మాత్రమే తగ్గించి చూడండి. మరీ తగ్గితే ఎత్తైన బండి చివర్లో అటూ ఇటూ ఊగుతుంది, అది 140 మీద చాలా చెడ్డ అనుభవం. బిగించాక టైరు మీద నుంచి రిమ్ము మీదకి ఒకే గీత పడేలా సుద్దముక్కతో గీయండి. రన్ అయ్యాక టైరు మీది గీత, రిమ్ము మీది గీత విడిపోయి కనిపిస్తే రిమ్ము లోపలే తిరుగుతోందన్నమాట. గాలి పెంచాల్సిందే.

బర్నౌట్ (వేడెక్కడానికి టైర్లని ఉన్నచోటే తిప్పడం) ఎక్కువ సేపు అక్కర్లేదు. టైరు జారితే బలం తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ పూర్తిగా ఆఫ్ చేసి, లైనుకి ముందు పోసి ఉంచే నీళ్ల మీదుగా మెల్లగా దాటి, నీళ్ల అవతల టైరు తిప్పండి. పొగ పల్చగా మొదలవగానే ఆపేయండి. మామూలు టైర్లతో వెళ్తే మాత్రం నీళ్ల పక్క నుంచి చుట్టూ వెళ్లాలి, గీతల్లో నీళ్లు మోసుకెళ్లి లైను దగ్గర పోస్తే మీకూ నష్టం, తర్వాతి వాళ్లకీ నష్టం. అమెరికాలో డ్రాగ్ స్ట్రిప్‌ల మీద బంకలాంటి రసాయనం చల్లి, రబ్బరు పరిచి ఉంచుతారు. ఎయిర్‌స్ట్రిప్‌కి అలాంటి తయారీ ఉందో లేదో నిర్వాహకులనే అడగాలి. లేకపోతే వీడియోల్లో చూసినంత పట్టు మీకు రాదు.

లైను దగ్గర ఎడమ కాలు బ్రేకు మీద గట్టిగా ఉంచి, కుడికాలితో 1,500 ఆర్పీఎం దాకా లేపండి. టర్బో నిండటానికి అది చాలు. రెండు మూడు సెకన్లకు మించి అలా పట్టుకోవద్దు, టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ కాగిపోతుంది. బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి తొక్కితే కొన్ని బండ్లు వాటంతటవే ఇంజిన్‌ని తగ్గించేస్తాయి. మీది అలా చేస్తుంటే దాన్ని మోసం చేసే వైర్లు వెతక్కండి, ఐడిల్ నుంచే బయల్దేరండి. చివరి పసుపు లైటుకి బ్రేకు వదిలి పెడల్‌ని సగం దాకా తొక్కి, ముక్కు లేచి వెనక కూర్చుందని ఒంటికి తెలిశాక మిగతా సగం. ఆ మధ్య గ్యాప్ అర సెకను కూడా ఉండదు, కానీ ప్రొపెల్లర్ షాఫ్ట్ బతికేది ఆ అర సెకనులోనే. కింద నుంచి టక టక టకమని ఎగురుతున్నట్టు వస్తే కమాన్ కట్టలు మెలిక పడుతూ చక్రాలు గెంతుతున్నాయని అర్థం. అప్పుడు తొక్కిపట్టి ఉంచితే ఏదో ఒకటి కచ్చితంగా పోతుంది. వెంటనే కాలు తీసేయండి, ఆ రన్ పోతే పోయింది. గెంతుడు మళ్లీ మళ్లీ వస్తుంటే యాక్సిల్‌ని మెలిక పడకుండా పట్టే ట్రాక్షన్ బార్లు వేయించేదాకా స్లిక్స్ పక్కన పెట్టండి.

షాఫ్ట్ ముందు క్రాస్ విరిగితే షాఫ్ట్ కిందపడి నేలకి గుచ్చుకునే ప్రమాదం ఉంది. దాన్ని పట్టి ఉంచడానికి కింద ఇనుప కడియం వేస్తారు. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ రూల్స్‌లో స్లిక్స్ మీద 13.99 సెకన్లు, అంతకన్నా తక్కువలో వెళ్లే కారుకి అది తప్పనిసరి. మీ బండి అంత వేగం కాదు. బరువు చూస్తే మాత్రం వేయించమనే చెబుతాను. ఆటోనగర్‌లో చాసిస్ పని తెలిసినవాడు కొలతలు తీసుకుని చేయగలడు, నాన్నగారికి తెలిసినవాళ్లే ఉంటారు. హెల్మెట్, ఒళ్లంతా కప్పే నూలు బట్టలు, బూట్లు. చెప్పులేసుకుని వెళ్లే మహానుభావులు ఇప్పటికీ ఉన్నారు.

రన్ అయ్యాక ఇచ్చే టైమ్ స్లిప్‌లో మొత్తం 402 మీటర్ల (పావు మైలు) టైమ్ కన్నా ముందు మొదటి 60 అడుగుల టైమ్ చూడండి. లాంచ్ బాగుందో లేదో చెప్పేది అదే. అక్కడ 0.1 సెకను మిగిలితే చివర్లో 0.15 నుంచి 0.2 దాకా మిగులుతుందని డ్రాగ్ వాళ్ల మోటు లెక్క. మామూలు టైర్లతో ఒక రన్, స్లిక్స్‌తో ఒక రన్ వేసి ఈ ఒక్క అంకె పోల్చండి. తేడా పెద్దగా లేకపోతే ఆ టైర్లు అక్కడే ఎవరికైనా అమ్మేయడం మేలు. కొనేవాళ్లు దొరికే చోటు కూడా అదే.

నన్నడిగితే ఈ ఏడాది మొదటి దారి, వచ్చే ఏడాది మూడోది. మీకు ఆగే ఓపిక లేదని ఉత్తరంలో ప్రతి లైనూ చెబుతోంది, అది మీ ఇష్టం.

ఏ దారైనా ఫారం నింపేముందు నిర్వాహకులకి ఫోన్ చేయండి. ఈవెంట్‌కి ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ని చూసుకునే సంస్థ) అనుమతి ఉందా, ఫినిష్ లైన్ తర్వాత ఆగడానికి ఎన్ని మీటర్ల రన్‌వే ఉంది, పికప్‌లకి వేరే నియమాలు ఏమైనా ఉన్నాయా, అంబులెన్స్ లైను దగ్గరే ఉంటుందా. తిరుగు ప్రయాణానికి ముందు రోడ్డు టైర్లు బిగించి, నట్లు ఒక యాభై కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూసుకోండి. ఇంటికొచ్చాక హౌసింగ్ ఆయిల్ కొంచెం దించి రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. మెరిసే పొడి తగిలితే ఇక ఒక్క రన్ కూడా వేయొద్దు, ముందు హౌసింగ్ విప్పించండి.